తప్పు నాదా, నా మెదడుదా?

1966 ఆగస్టు 1వ తేదీన అమెరికాలోని ఆస్టిన్ నగరంలో చార్లెస్ విట్‌మన్ అనే పాతికేళ్ల విద్యార్థి విశ్వవిద్యాలయ గోపురమెక్కి, కనబడినవారినల్లా తుపాకీతో కాల్చాడు. పదిమందికి పైగా మరణించారు. చివరకు పోలీసుల తూటాలకు అతడూ కూలిపోయాడు. అంతకు కొన్ని గంటల ముందే కన్నతల్లినీ, కట్టుకున్న భార్యనూ చంపి వచ్చాడు. కతోలిక కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో పీఠ సేవ చేసిన బిడ్డ!

అతడు వ్రాసిపెట్టిన ఉత్తరంలో, కొంతకాలంగా తన ఆలోచనలు తనకే అర్థం కావడం లేదనీ, చనిపోయాక తన శరీరాన్ని పరీక్షించమనీ కోరాడు. పరీక్షించారు. మెదడులో గడ్డ కనబడింది. ఈ ఘోరానికి ఆ గడ్డే కారణమా అంటే, విచారించిన నిపుణులు ఖాయంగా చెప్పలేకపోయారు.

మరి పాపం ఎవరిది?

1983లో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం ప్రచురించాడు. చేయి కదపాలన్న కోరిక మనకు తెలియడానికి సుమారు మూడోవంతు సెకను ముందే మెదడులో సన్నాహం మొదలవుతున్నదని అందులో తేలింది. ఇంకేముంది, స్వేచ్ఛ అంతా భ్రమ అన్నారు కొందరు. కాని ఆఖరి క్షణంలో “వద్దు” అనే శక్తి మనిషికున్నదని లిబెట్టే అన్నాడు. ఆ సన్నాహం అసలు నిర్ణయమే కాకపోవచ్చునని 2012లో మరికొందరు పరిశోధకులు చూపారు. అయినా, చేయి ఎప్పుడు కదపాలన్నదానికీ, పొరుగువాడి పొలం గట్టు జరపాలా వద్దా అన్నదానికీ చాలా దూరమున్నది గదా!

చావైన పాపానికి ఘనమైన విషయం, పూర్ణ జ్ఞానం, పూర్ణ సమ్మతి, ఈ మూడూ ఉండాలని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. అజ్ఞానం, భయం, బలవంతం, అలవాటు వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చునని, ఒక్కోసారి పూర్తిగా తొలగించవచ్చునని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం (1735) చెబుతున్నది. కనుక మెదడులో గడ్డ ఉన్నదంటే శ్రీసభ ఉలిక్కిపడనక్కరలేదు.

కాని విట్‌మన్ విషయం అంత తేలిక కాదు. కొన్ని నెలల ముందే అతడు ఒక వైద్యుని వద్దకు వెళ్లి, గోపురమెక్కి జనాన్ని కాల్చాలన్న తలంపు వస్తున్నదని చెప్పుకున్నాడు. అంటే ఆనాటికి అతనిలో “వద్దు” అనే గొంతు బ్రతికే ఉంది. మళ్లీ ఆ వైద్యుని వద్దకు వెళ్లలేదు. ఆఖరి రోజున తుపాకులతోపాటు తిండి, నీళ్లు కూడా సర్దుకుని ఎక్కాడు. ఇందులో అతనిదెంత, గడ్డదెంత? కొలిచే యంత్రం లేదు.

మనమైతే ఇట్టే కొలిచేస్తాం. పక్కింటాయన త్రాగి వస్తే “కావాలనే చేస్తున్నాడు” అంటాం. మనం భార్యాబిడ్డల మీద విరుచుకుపడితే “నాకు బీపీ ఉంది, మా నాన్న పోలిక” అంటాం. పరులకు పూర్తి స్వేచ్ఛ అంటగట్టి, మనకు మాత్రం మెదడును అడ్డం పెట్టుకుంటాం. పాపసంకీర్తనానికి వెళ్లేముందు ఆత్మపరిశోధనలో ఈ లెక్కను తిరగవేసి చూడాలి. కోపం నాన్న పోలికే కావచ్చు. చెయ్యి ఎత్తకముందు గది దాటి బయటకు పోయే వీలు ఉండిందా, లేదా?

1966 ఆగస్టు 5న ఫ్లోరిడాలోని లేక్‌వర్త్ పట్టణపు దేవాలయంలో విట్‌మన్‌కు కతోలిక కర్మ ప్రకారమే అంత్యక్రియలు జరిగాయి. అతడు మనోవ్యాధితో ఉన్నాడన్నది అందుకు చెప్పిన కారణం. ఆనాటి పూజ అతడొక్కడి కోసం కాదు. అతని చేతిలో చనిపోయిన తల్లికీ, అతనికీ కలిపి ఒకే పూజ చేశారు.