ఉలిదెబ్బ మాట నిజమేనా?

"ఉలిదెబ్బలు తింటేనే రాయి శిల్పమవుతుంది" అని పెద్దవాళ్ళు తరచూ అంటుంటారు. మార్కులు తగ్గినా, హోంవర్క్ రాయకపోయినా, కోపంలో ఎవరైనా చేయి చేసుకున్నా చివరికి ఈ మాటే వస్తుంది. ఇది ఎంతవరకు న్యాయమో తేల్చాలంటే, ముందు శిల్పి రాయిని ఏం చేస్తాడో చూడాలి కదా!

మన తమిళనాడులోని మహాబలిపురంలో 7వ శతాబ్దంలో పల్లవుల కాలంలో కొండరాళ్ళనే శిల్పాలుగా మలిచారు. 1984లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అర్జునుడి తపస్సు అని పిలిచే ఆ పెద్ద బండ మీద ఏనుగులు నిలబడి ఉంటాయి. పెద్ద ఏనుగు కాళ్ళ దగ్గర, కడుపు కింద గున్న ఏనుగులు ఉంటాయి. చుట్టూ అంత ఉలిపని జరిగినా ఆ చిన్న పిల్లలు చెదరలేదు. దెబ్బ గట్టిదైనందుకు అలా జరిగిందా? కాదు, దెబ్బకు లెక్క ఉన్నందుకు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో శిల్పులు ఉన్నారు. మిషన్లు వచ్చినా ఉలి, సుత్తి పోలేదు. శిల్పి మొదట రాయిని మెల్లగా తట్టి వింటాడు. ఖంగుమని మోగితే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల పగులు ఉండొచ్చు. తర్వాత గీత గీసుకుంటాడు. ఏనుగును చెక్కాలంటే తొండానికీ కాళ్ళకూ మధ్య ఉన్న రాయిని ముందే తీసేయడు. తొండం అదురుకు విరగకుండా అది ఆసరాగా ఉండాలి. చెవి అంచు దగ్గరకు వచ్చేసరికి దెబ్బ చిన్నదైపోతుంది. ఉలి మొద్దుబారితే ఇంకా గట్టిగా కొట్టడు, ఆగి ఉలికే పదును పెట్టుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, కోపంతో ఉలి పట్టడు.

మరి పిల్లల్ని కొట్టే చెయ్యి ఇవన్నీ చేస్తుందా? ముందు తట్టి వింటుందా? పాఠం ఎక్కకపోతే తన ఉలి మొద్దుబారిందేమో అని చూసుకుంటుందా?

"మేం దెబ్బలు తినే పైకొచ్చాం" అని కొందరు అంటారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. కానీ దెబ్బకు పగిలిన రాళ్ళను ఎవరూ గుడిలో పెట్టరు. మనకు కనబడేవి నిలిచిన శిల్పాలే. బడి మానేసినవాళ్ళు, నోరు తెరిచి సందేహం అడగడానికే భయపడినవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

ఇంకో తేడా కూడా ఉంది. రాయికి నొప్పి లేదు, ఇష్టం లేదు. ఏనుగు కావాలో సింహం కావాలో శిల్పే నిర్ణయిస్తాడు. పిల్లలు అలా కాదు. తప్పు లెక్కను మళ్ళీ చేయడం, పొద్దున్నే లేచి చదవడం లాంటి కష్టాలు మాకూ అవసరమే, కాదనను. కానీ ఆ ఉలి మా చేతిలోనే ఉండాలి. పెద్దవాళ్ళు దాన్ని పట్టుకోవడం నేర్పాలి.

2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదని చెప్పింది. అయితే చట్టానికి భయపడి మానడం వేరు, తప్పని తెలిసి మానడం వేరు. శిల్పిని ఉదాహరణగా చెప్పేవాళ్ళు ఆయన దెబ్బను మాత్రమే కాదు, ఆయన ఓర్పును కూడా తీసుకోవాలని నా మనవి.