పండుగ మనది, చెత్త ఎవరిది?



ఆగమన కాలం వచ్చిందంటే మన ఇళ్ళలో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నం వేయించడం, పిల్లలకు కొత్తబట్టలు కుట్టించడం, వాకిట్లో నక్షత్రం కట్టడం, పశువుల పాక అమర్చడం, అరిసెలకు పాకం పట్టడం, ఒకటా రెండా! ఇదంతా మంచిదే. రక్షకుడు పుట్టిన వేళ ఇల్లు చిన్నబోయి ఉండకూడదు. అయితే ఈ సందడిలో మనం ఎన్నడూ వేసుకోని ప్రశ్న ఒకటి ఉంది. దానిని నాకు నేర్పింది వీధులు ఊడ్చే ఒక తల్లి. ముందు ఆ సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మాట. మా విచారణలో క్రీస్తు జయంతి రాత్రి పూజ ముగిశాక అందరికీ కేకు, టీ ఇచ్చాము. మరునాడు పగటి పూజ తరువాత ప్రేమవిందు. వందల మంది కడుపునిండా భోంచేశారు. అందరమూ సంతోషంగా ఇళ్ళకు వెళ్ళాము. 26వ తేదీ ఉదయం నేను గుడివైపు నడిచి వెళుతుంటే, ప్రహరీ పక్కన ఒక స్త్రీ వంగి ప్లాస్టిక్ గ్లాసులు ఏరి గోతాంలో వేస్తున్నది. ముఖం చూసి ఆగాను. ఒకప్పుడు నా దగ్గర అయిదవ తరగతి చదువుకున్న అమ్మాయే. మన విచారణ బిడ్డే.

"పండుగనాడు పూజలో కనబడలేదేమమ్మా?" అని అడిగాను.

"ఎట్టా వస్తానండి మాస్టారూ? పండగపూట మాకు పని ఎక్కువ గదా. రాత్రి మీరు టీ తాగిన కప్పులన్నీ గాలికి రోడ్డుమీదకి వచ్చినయి. తెల్లారేలోపు ఎత్తమన్నారు. నేను పూజకొస్తే ఇయ్యన్నీ ఎవరెత్తుతారండీ?" అన్నది.

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అందుకే అది నాకు మరీ గుచ్చుకున్నది. నేను ముందు వరుసలో నిలబడి దేవదూతల గీతం పాడుతున్న వేళ, నేను తాగి పారేసిన కప్పును ఆమె వీధిలో ఏరుతూ ఉన్నది. నా పండుగ ఆమె పండుగను తినివేసింది.

ఇప్పుడు ప్రశ్న చూడండి. నేను పాపం చేశానా?

మనం పాపసంకీర్తనానికి వెళ్ళేముందు ఆత్మపరిశీలన చేసుకుంటాము. అబద్ధం చెప్పామా, కోపపడ్డామా, ఆదివారం పూజ మానామా అని చూసుకుంటాము. "ఊరి కాలువలో చెత్త పోశాను", "పది మంది తినే అన్నం కుప్పలో పారబోశాను" అని ఎవరైనా చెప్పుకున్నారా? ఆ మాట మనకు తోచనే తోచదు. ఎందుకంటే మనకు ఎవరిమీదా ద్వేషం లేదు. ఎవరికీ కీడు తలపెట్టలేదు. పారేశాము, మరచిపోయాము, అంతే.

కాని పరిశుద్ధ గ్రంథం తలంపును మాత్రమే చూడదు. నిర్గమకాండం 22వ అధ్యాయం తెరచి చూడండి. ఒకని పశువు పొరుగువాని చేను మేస్తే, దానిని విడిచిపెట్టినవాడు తన చేనిలోని మేలైన పంటతో ఆ నష్టం పూడ్చాలి. ఒకడు అంటించిన నిప్పు ముళ్ళకంపలకు తగులుకొని పక్కవాని పనలను కాల్చివేస్తే, నిప్పు పెట్టినవాడే నష్టం కట్టాలి. నిప్పు పెట్టినవాడు పొరుగువాని పంట కాల్చాలని అనుకున్నాడా? లేదు. తన కంప తాను కాల్చుకున్నాడు. అయినా బాధ్యత అతనిదే. మన చేతినుండి బయలుదేరినది ఎంతదూరం పోతే అంతదూరం మన బాధ్యత కూడా పోతుంది. దొంగతనాన్ని నిషేధించే ఏడవ ఆజ్ఞ క్రింద శ్రీసభ నష్టపరిహారాన్ని గూర్చి బోధించేది కూడా ఈ న్యాయాన్నే.

మన పండుగ చెత్త ఎంతదూరం పోతుందో ఆలోచించండి. మిగిలిన కూర మూటకట్టి విసిరేసిన పాలిథిన్ సంచి వీధి ఆవు కడుపులోకి పోతుంది. అది అరగదు, బయటకు రాదు. విస్తళ్ళ బదులు వేసిన ప్లాస్టిక్ పళ్ళేలు కాలువలో అడ్డుపడితే, వానకాలంలో మురుగు పోయేది కాలువ గట్టున గుడిసె వేసుకున్నవారి ఇంట్లోకే. ఇక కుప్పపోసి తగలబెడితే ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి. ఆ పొగ పీల్చేది ఎవరు? చెత్తకుప్ప పక్కన బ్రతికేవారే. అంటే పండుగ మనం చేసుకున్నాము. దాని ఖరీదులో కొంత మాత్రం, విందుకు పిలుపు అందనివారిచేత కట్టించాము.

"మాస్టారూ, నా ఒక్క గ్లాసుతో లోకం మునిగిపోతుందా?" అని మీరు అనవచ్చు. మునిగిపోదు. కాని ఆ తల్లి ఏరిన ప్రతి గ్లాసూ ఎవరో ఒకరి "ఒక్క గ్లాసే". కానుకల తట్టలో మీరు వేసే పది రూపాయలతో గుడి కట్టడం పూర్తికాదు. అయినా వేస్తున్నారు గదా? మేలు విషయంలో చిన్నదానికి లెక్క ఉందని నమ్మేవారు, కీడు విషయంలో లేదని ఎలా అంటారు?

ఇంకొక ప్రశ్న దీనికంటె బరువైనది. "ఏడాది పొడవునా కూలిపని చేసుకొనే కుటుంబం ఒక్క పండుగనాడు మెరిసే తళుకు నక్షత్రం కొనుక్కుంటే అదీ తప్పేనా? పేదవాని ఆ కాస్త సంబరంమీద కూడా లెక్కలు వేయాలా?" ఈ మాటను తేలికగా కొట్టిపారేయకూడదు. మన ప్రభువు పిసినారి కాడు. కానా పల్లె పెండ్లిలో ఆరు రాతిబానల నీటిని ద్రాక్షరసంగా మార్చాడు. విందు అంటే నిండుగా ఉండాలని ఆయనకు తెలుసు. కాని అయిదు రొట్టెలతో అయిదువేల మందిని తృప్తిపరచిన ఆ ప్రభువే, అందరూ తిన్నాక, ఏమీ వ్యర్థం కాకుండా ముక్కలను పోగుచేయమని శిష్యులకు చెప్పినట్లు యోహాను సువార్త 6వ అధ్యాయం తెలుపుతున్నది. పన్నెండు గంపలు నిండాయి. రొట్టెలను పెంచగలిగినవానికి ముక్కలతో పని ఏమిటి? సమృద్ధి వేరు, దుబారా వేరు అని ఆయన చూపించాడు. కనుక నేను పేదవాని నక్షత్రాన్ని దించమని అనను. దానిని భద్రంగా దాచి, పై ఏడు మళ్ళీ కట్టుకోమంటాను. నిజానికి పాత చీరలూ, డబ్బాలూ, సీసాలూ మళ్ళీ మళ్ళీ వాడటం పేద ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. చెత్త ఎక్కువగా వచ్చేది కలిగిన ఇళ్ళనుండి, మన సంఘ విందులనుండి. ముందు దిద్దుకోవలసింది మనమే.

పశువుల పాక సంగతి చూడండి. 1223వ సంవత్సరంలో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారు ఇటలీలోని గ్రేచో అనే ఊరిలో, క్రీస్తు జయంతి రాత్రి ఒక తొట్టి, ఎండుగడ్డి, ప్రాణమున్న ఎద్దు, గాడిద తెప్పించి బేత్లెహేమును కన్నులకు కట్టించారు. లూకా సువార్తలో తొట్టి ఉన్నది గాని ఎద్దు, గాడిద లేవు. అవి యెషయా ప్రవచనంనుండి వచ్చాయి. ఎద్దు తన యజమానిని, గాడిద తన యజమాని తొట్టిని ఎరుగునుగాని నా ప్రజలు నన్ను ఎరుగరని ప్రభువు అక్కడ వాపోతాడు. ఇప్పుడు మన పాకలో థర్మోకోల్ కొండలమధ్య బొమ్మ ఎద్దును నిలుపుతాము. పండుగ కాగానే ఆ థర్మోకోల్‌ను పెంటమీద వేస్తాము. అక్కడ నిజమైన ఎద్దు వచ్చి మూతిపెడుతుంది. ఇందులో ఏ ఎద్దును మనం గౌరవించినట్లు?

మా చిన్నతనంలో పాకకు కావలసినవన్నీ ఊరిలోనే దొరికేవి. డిసెంబరునాటికి డెల్టాలో వరికోతలు అయి కొత్తగడ్డి వచ్చేది. మట్టిమూకుళ్ళలో రాగులు చల్లితే పండుగనాటికి పచ్చని పచ్చిక సిద్ధం. వెదురుబద్దలకు రంగుకాగితం అంటిస్తే నక్షత్రం. పండుగ వెళ్ళాక గడ్డి గేదెకు, మొలకలు మేకకు, మట్టి మట్టికి. అదేమీ గొప్ప సిద్ధాంతం కాదు. కొనడానికి డబ్బు లేక అలా చేశాము. ఇప్పుడు డబ్బు ఉండికూడా అలా చేయగలిగితే, అదే విశ్వాస క్రియ అవుతుంది.

ఇక ఇంటింటా ఏమి చేయవచ్చు?

క్రీస్తు జయంతి చెట్టు: కోస్తా ఊళ్ళలో సరుగుడు కొమ్మ తెచ్చి నిలపడం మనకు అలవాటు. చెట్టు కొట్టడం పాపమేమోనని కొందరికి సందేహం. సరుగుడు తోటను పైరులాగే వేసి, నాలుగైదేళ్ళకు గుంజలకూ కాగితపు మిల్లులకూ కొడతారు. ఆ తోటలో రైతు కొట్టిన చెట్టు కొసలు తెచ్చుకుంటే నష్టమేమీ లేదు. రోడ్డు పక్క చెట్టునో, అడవి చెట్టునో నరకడం మాత్రం తప్పే. మరి ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉంటే? దానిని పారేయకండి. పదేళ్ళు వాడండి. పర్యావరణం పేరు చెప్పి ఉన్నదాన్ని పారేసి కొత్తది కొనడం కూడా దుబారాయే.

విందు: కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1నుండి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ మొదలైనవాటిని నిషేధించింది. చట్టం వచ్చినా అలవాటు పోలేదు. కాగితం పళ్ళెం అని కొనేవాటిలో కూడా చాలావాటికి పైన మెరిసే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మోదుగాకు, అడ్డాకు విస్తళ్ళు మనకు కొత్త కాదు. తూర్పు కనుమల్లో గిరిజన స్త్రీలు అడ్డాకులు ఏరి, కుట్టి అమ్ముకుంటారు. ఆ విస్తరి కొంటే డబ్బు వారి ఇంటికి చేరుతుంది. విస్తరి మట్టిలో కలుస్తుంది.

స్టీలు గ్లాసులు వాడదామంటే వెంటనే వచ్చే ప్రశ్న, "ఎవరు కడుగుతారు?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే జవాబు ఎప్పుడూ "ఆడవాళ్ళు" అనే వస్తుంది. వీధి ఊడ్చే తల్లిమీదినుండి బరువు దించి, వంటింటి తల్లిమీద పెడితే మనం ఏమీ మారలేదన్నమాట. తిన్నవాడే కడగాలి. మగపిల్లలు, మగవాళ్ళు కూడా పంపు దగ్గర వరుసలో నిలబడాలి.

అన్నం: ఆహారం పారవేయడం పేదల బల్లమీదినుండి దొంగిలించినట్లేనని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2013 జూన్ 5న బోధించారు. ఎందరు వస్తారో ముందుగా పేర్లు తీసుకొని వండండి. మిగిలితే పాడవకముందే, వేడిగా ఉండగానే పంచండి. పులిసిపోయినది పేదలకు పెట్టడం దానం కాదు.

కానుకలు: రెండు రోజుల్లో విరిగే ప్లాస్టిక్ బొమ్మకు బదులు, వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్కరంగు అద్దిన బొమ్మ ఇవ్వండి. చేనేత బట్ట ఇవ్వండి. మెరుపుకాగితం చుట్టకపోతే కానుక విలువ తగ్గదు.

ఫ్లెక్సీలు: ఇది చెప్పడానికి కొంచెం మొగమాటం. బాలయేసు బొమ్మ మూలన చిన్నగా, మన బొమ్మలు పెద్దగా ఉండే ఆ శుభాకాంక్షల ఫ్లెక్సీ అవసరమా? అది ఎవరి జయంతి?

ఇవేవీ నా సొంత బోధలు కావు. ద్వితీయ జాన్ పాల్ జగద్గురువులు 1979లో పునీత ఫ్రాన్సిస్ వారిని పర్యావరణ సేవకులకు పాలక పునీతునిగా ప్రకటించారు. 1990 జనవరి 1నాటి శాంతిదిన సందేశమంతా సృష్టితో సమాధానాన్ని గూర్చినదే. 2015లో వెలువడిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఫ్రాన్సిస్ జగద్గురువులు ప్లాస్టిక్ తగ్గించడం, తినగలిగినంతే వండడం వంటి చిన్నపనులను ప్రేమకార్యాలుగా ఎంచారు. భూమి మూలుగు, పేదవాని మూలుగు వేరువేరు కావని ఆ లేఖ సారాంశం. డిసెంబరు 26 ఉదయం ప్రహరీ పక్కన నేను విన్నది ఆ రెండింటినీ కలిపే.

మరుసటి ఏడు మా విచారణ గురువులతో మాట్లాడి, విస్తళ్ళు తెప్పించి, స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చాము. యువకులు కడిగారు. రెండు గ్లాసులు పోయాయి, కొంత గొణుగుడు వినబడింది. విందు కాగానే అందరమూ అరగంట ఉండి ఆవరణ శుభ్రం చేశాము. ఆ ఏడు ఆమె రాత్రి పూజకు వచ్చింది. వెనుక వరుసలో పిల్లవాడిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. బయటకు వచ్చాక నేను కాస్త గర్వంగానే, "చూశావామ్మా, ఈసారి గుడి దగ్గర నీకు పనిలేదు" అన్నాను.

ఆమె నవ్వింది. "సంతోషమండి మాస్టారూ. బజారు వీధి మాత్రం అట్టానే ఉంది. నాలుగింటికి పోవాలి" అని కొడుకును భుజాన వేసుకొని వెళ్ళిపోయింది.

నాకు గర్వపడే సమయం ఇంకా రాలేదని తెలిసింది. బజారు వీధిలో ఉన్నవి కూడా మన ఇళ్ళే గదా.

ప్రియ కుటుంబాలారా! ఈ ఆగమన కాలంలో ఒక సాయంత్రం జపమాల తరువాత పిల్లలతో కలసి కూర్చొని, "మన పండుగ బరువు ఎవరిమీద పడుతున్నది?" అని ఒక్కసారి అడుగుకోండి. సత్రంలో చోటులేక తొట్టిలో పరుండిన దివ్య బాలయేసు, చోటు లేనివారికి మన పండుగలో చోటిచ్చే మనసును మనకు దయచేయునుగాక.