శుభసూచన: అనుమతా, జోస్యమా?

ఒక పని సఫలమయ్యే సూచనలు కనిపిస్తున్నాయని చెప్పడానికి ఇంగ్లీషులో వాడే ‘ఆస్పిషస్’ అనే విశేషణం నేడు ప్రధానంగా భవిష్యత్తును గురించిన అంచనాగానే చెలామణి అవుతున్నది. అయితే దాని మూలం ప్రాచీన రోము రాజ్యమతంలో, పక్షులను చూసి దేవతల అభిప్రాయం తెలుసుకొనే ‘ఆస్పికియా’ అనే విధిలో ఉన్నది. ఆ విధిని పరిశీలించినప్పుడు, శుభసూచన రాబోయే ఫలితాన్ని తెలుపుతుందా లేక తలపెట్టిన పనికి దైవం ఇచ్చే అనుమతి మాత్రమేనా అనే ప్రశ్న తలెత్తుతుంది.

రోమన్ అధికారి ప్రజాసభను సమావేశపరచే ముందు, సేనాని యుద్ధానికి దిగే ముందు ప్రధాన దైవమైన జూపిటర్ సమ్మతిని కోరవలసి ఉండేది. సైన్యం వెంట పంజరాల్లో తీసుకువెళ్ళే పవిత్రమైన కోళ్ళకు మేత వేసినప్పుడు అవి ఆబగా తింటూ ముక్కుల నుంచి నేలమీదికి రాలిస్తే దైవం సమ్మతించినట్టు, ముట్టకపోతే కాదన్నట్టు లెక్క. ఆ సమ్మతి ఆ ఒక్కరోజుకే చెల్లేది. నేడు కాదన్న పనికే మరునాడు మళ్ళీ అనుమతి అడగవచ్చు. పని చేస్తే గెలుపు తథ్యమన్న మాట అందులో లేదు.

క్రీ.పూ. 249లో, మొదటి ప్యూనిక్ యుద్ధకాలంలో, సిసిలీలోని ద్రెపానా దగ్గర పబ్లియస్ క్లాడియస్ పుల్కర్ అనే కాన్సల్, అంటే ఆ ఏటి ఇద్దరు అత్యున్నత పాలకులలో ఒకడు, మేత ముట్టని కోళ్ళను నీళ్ళైనా తాగనిమ్మంటూ సముద్రంలోకి విసిరించి, ఆపై కార్తేజ్ నౌకాదళం చేతిలో ఘోరంగా ఓడాడని ప్రసిద్ధమైన కథ. శత్రువుకు 93 నౌకలు చిక్కాయని రాసిన చరిత్రకారుడు పాలీబియస్ కోళ్ళ ఊసే ఎత్తలేదు కనుక ఆ ముచ్చట తరువాత అల్లినదైనా కావచ్చు. ఏమైనా, దానిని చెప్పుకొన్న రోమన్లు అందులో చూసింది నిజమైన జోస్యాన్ని కాదు, దైవధిక్కారానికి పడిన శిక్షను.

ఈ విధులలోని ఆగర్ పదవి, అంటే సూచనలకు అర్థం చెప్పే పీఠం, స్వయంగా నిర్వహించిన రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 44లో భవిష్యజ్ఞానంపై రాసిన సంవాదంలో సోదరుడు క్వింటస్ చేత సమర్థనను చెప్పించి, రెండవ భాగంలో తానే దానిని ఖండించాడు. జరగబోయేది ముందే నిర్ణయమై ఉంటే తెలిసినా తప్పించుకోలేరు, నిర్ణయం కాకుంటే ముందుగా తెలుసుకొనే వీలే లేదు అన్నది అతని వాదసారం. ఇది జోస్యాన్ని దెబ్బతీస్తుంది గాని అనుమతిని తాకదు. అనుమతిని నిజంగా చిక్కులో పెట్టేది అతని మరో ఆక్షేపణ: పంజరంలో ఆకలితో మాడ్చిన కోడి మేత కనబడితే తినక ఏం చేస్తుంది? బలవంతాన రాబట్టిన సమ్మతిని దైవసమ్మతి అనడం కష్టమే.

భారతీయ సంప్రదాయంలోనూ శకునం అనే మాటకు తొలి అర్థం పక్షే; వరాహమిహిరుడి బృహత్సంహితలో శకునాలకు ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. ముహూర్తం సంగతి వేరు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదంగాలను గణితంతో కట్టి పంతులుగారు నెలల ముందే నిర్ణయించే ముహూర్తంలో ఎవరి సమ్మతినీ అడగడం ఉండదు, కాలానికి సహజంగా ఉన్నదనుకొనే గుణాన్ని లెక్కించడమే ఉంటుంది. తెలుగు పెళ్ళిపిలుపుల ఇంగ్లీషు పుటలో ‘ఆస్పిషస్’ అని అచ్చవుతున్నది ఈ గణితఫలానికే. ముహూర్తగ్రంథాలు శుభాశుభ ఫలాలను కూడా చెబుతాయి కనుక సిసెరో మొదటి వాదం రోమన్ కోళ్ళకన్నా పంచాంగానికే సూటిగా తగులుతుంది. ఫలితం పూర్వకర్మ మీదా పురుషకారం మీదా, అంటే మనిషి ప్రయత్నం మీదా, ఆధారపడుతుందనే సమాధానం తర్కానికి నిలుస్తుంది గాని, అప్పుడు ముహూర్తం చేసే పని ఎంతో తేల్చి చెప్పవలసిన భారం జ్యోతిష్కుల మీదే పడుతుంది. వారు ఆ పని ఇంతవరకు తృప్తికరంగా చేయలేదు.