పేరులేని పద్దుకు కర్త ఎవరు

పన్నును ధర్మశాస్త్రాలు ఏకపక్షపు వసూలుగా గాక, రాజు చేసే రక్షణకు ప్రజలిచ్చే వేతనంగా నిరూపించాయి. అందుకే షడ్భాగం, అనగా ఆరవ వంతు, పుచ్చుకొని కూడా రక్షించని రాజుకు ప్రజల పాపమంతా సంక్రమిస్తుందని మనుస్మృతి హెచ్చరిస్తుంది. క్రిప్టో ఆస్తుల విషయంలో ఈ పాత సంబంధం కొత్త చిక్కును ఎదుర్కొంటున్నది.

2009 జనవరిలో బిట్‌కాయిన్‌తో మొదలైన ఈ ఆస్తులకు ఆధారం బ్లాక్‌చెయిన్, అనగా ఎవరైనా చూడగలిగేదీ, ఒకసారి రాసినది చెరపడం దాదాపు అసాధ్యమైనదీ అయిన ఉమ్మడి చిట్టా. అందులో ప్రతి బదిలీ కనిపిస్తుంది గాని, యజమాని పేరు ఉండవలసిన చోట అక్షరాల, అంకెల వరుస మాత్రమే ఉంటుంది. కర్మ బహిరంగం, కర్త అజ్ఞాతం. 'ఇది నా చేత జరిగింది' అనే ఒప్పుకోలును వేదాంత పరిభాషలో కర్తృత్వం అనవచ్చును. చిట్టాలో లేని ఆ కర్తృత్వపు లోటును పూరించే ప్రధాన పత్రం ఆదాయపు పన్ను రిటర్ను.

ఆ పత్రం అవసరం ఊహించని ఇంటికీ రావచ్చును. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు ప్రాంతం మామిడికి పేరుపొందినది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను నుంచి మినహాయింపు ఉన్నందున, తోట మీదనే బతికే కుటుంబానికి ఈ పన్నుతో తొలి పరిచయం కొడుకు ఫోనులో అమ్మిన కాయిన్ ద్వారా కలగడం అసంభవమేమీ కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతున్నాయి. ఆ ఏడాది జూలై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన అమ్మకంపై 1 శాతం టీడీఎస్, అనగా చెల్లింపు సమయంలోనే మినహాయించుకునే ముందస్తు పన్ను, వచ్చి చేరింది. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వరు. ఆ యువకుడు లక్ష రూపాయలకు కొన్న ఒక కాయిన్‌ను లక్షన్నరకు అమ్మి, లక్షకే కొన్న మరొకదానిని అరవై వేలకు వదులుకున్నాడనుకుంటే, చేతికి మిగిలేది 10,000 రూపాయలు. కట్టవలసినది మాత్రం 15,600, ఎందుకంటే ఒకదాని నష్టాన్ని మరొకదాని లాభంలో సర్దుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు.

తేనెటీగ పువ్వుకు హాని చేయకుండా తేనె తీసినట్లు పన్ను తీయాలని శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు బోధిస్తాడు. ఆ కొలతకు పై లెక్క నిలవదని నిస్సంకోచంగా చెప్పవలసి ఉన్నది. పైగా క్రిప్టో లావాదేవీలకు బ్యాంకుల సేవలను నిలిపివేయించిన రిజర్వు బ్యాంకు 2018 నాటి సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసినా, పన్ను వేసినంత మాత్రాన ఈ ఆస్తులకు చట్టబద్ధమైన చెలామణీ నాణెపు హోదా దక్కలేదు. మనువు విధించిన రక్షణ అనే షరతు ప్రభుత్వాన్ని ఇక్కడ గట్టిగానే ప్రశ్నిస్తుంది.

అయినా రేటు అన్యాయమన్నది ఒక వాదం, లావాదేవీ జరగలేదన్నది మరొక వాదం. మొదటిది ప్రభుత్వంతో తేల్చుకోవలసిన వివాదం కాగా, రెండవది తన కర్మను తానే కాదనే అసత్యం. న్యాయస్థానంలో సాక్షి ధర్మాన్ని చెబుతూ, ఆత్మకు ఆత్మయే సాక్షి అని భావించిన మనుస్మృతి, ఎవరూ చూడలేదన్న వాదనకు తావివ్వదు. రిటర్నులో ఈ ఆస్తులకు కేటాయించిన పట్టిక కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర వేర్వేరు గడుల్లో అడుగుతుంది. నష్టం వస్తే ఆదాయం గడిలో సున్నా వేయమంటుంది. ఆ సున్నా ప్రభుత్వం విధించినది; దాని పక్కనే లక్ష, అరవై వేలు అనే రెండు అంకెలు ఉన్నవి ఉన్నట్లుగా నమోదై, ఆ నష్టాన్ని ప్రభుత్వపు దస్త్రంలోనే నిలబెడతాయి.