నిర్మలమైన మనస్సాక్షి చాలునా?

“మా మనస్సాక్షి మమ్మును నిందించుట లేదు, కాబట్టి మాయందు దోషము లేదు.” ఈ మాటను మన సంఘములలో తరచుగా వినుచున్నాము, మేమును పలుకుచున్నాము. ఇది ఎంతవరకు నిజమో ఈ నెల ఆలోచింపగోరుచున్నాము. ఈ ఆలోచన మాకు వ్యాఖ్యాన గ్రంథములలో గాక ఒక పాత పడవ మోటారు యొద్ద కలిగినది. చెరువులును బోరుబావులును తప్ప పడవ ఎరుగని మంఖాల్ వారికి పడవ మోటారు గొడవ యేలయని చదువరులు నవ్వవచ్చును. కొంచెము ఓర్చుకొనుడి.

కొన్నాళ్ల క్రిందట కాకినాడ యొద్దనున్న ఉప్పాడ తీరమునకు వెళ్లితిమి. ఇసుకమీదికి లాగిన ఒక ఫైబరు పడవ వెనుక ఔట్‌బోర్డ్ మోటారు బిగింపబడియున్నది. దానికి ఇరువది యేండ్లు దాటినవట. సముద్రములో పావుగంట నడిచినంతనే వేడి ఎక్కినదని తెలుపు కూత మొదలగుచుండెను. యజమానుడు ప్రక్కనుండి చిమ్ము నీటి ధారను చూచెను. అది చక్కగా వచ్చుచుండెను. ధార ఉన్నది గనుక కూతయే అబద్ధమని నిశ్చయించి, ఆ కూత తీగెను కత్తిరించివేసెను. రెండు వారములు నెమ్మదిగా గడచినవి. తరువాత మోటారు నడిసముద్రమున నిలిచిపోయెను. మరియొక పడవవారు చూచి త్రాడు వేసి లాగుకొని రాకపోయినయెడల నలుగురి ప్రాణములు ఏమయ్యెడివో.

మన బోరు మోటారు తన చుట్టునున్న నీటివలన చల్లబడునని రైతులెల్లరు ఎరుగుదురు. నీరు ఇంకిన బోరులో నడిపినచో కాలిపోవును. ఈ మోటారును అట్టిదే. క్రిందిభాగమందలి రంధ్రములగుండ నీరు లోనికి వచ్చును. రబ్బరు రెక్కల చిన్న చక్రమొకటి దానిని పైకి తోయును. ఆ నీరు సిలిండర్ల చుట్టు తిరిగి, వేడిని తీసికొని, పొగతో కూడ బయటికి పోవును. అందులో కొద్దిపాటి నీరు మాత్రము ప్రక్కనుండి సన్నని ధారగా చిమ్మును. పంపు పనిచేయుచున్నదని నడుపువానికి సాక్ష్యమిచ్చునది ఆ ధారయే.

మెకానిక్కు వచ్చి మొదట నీరు పీల్చు రంధ్రములకు ప్లాస్టిక్ సంచియో నాచో అంటుకొన్నదేమో చూచెను. లేదు. చక్రమును విప్పి చూచెను. రెక్కలు బాగుగనే యున్నవి. అప్పుడు పైభాగమునుండి థర్మోస్టాటును ఊడదీసి, గిన్నెలో నీళ్లు పోసి, దానిని వ్రేలాడదీసి, ఒక ఉష్ణమాపకముతో పొయ్యిమీద పెట్టెను. అరువది డిగ్రీల దరిదాపున తెరచుకొనవలసిన ఆ కవాటము నీళ్లు మరుగుచున్నను నోరు విప్పలేదు. ఉప్పు పేరుకొని బిగిసిపోయినది. మరి ధార ఎట్లు వచ్చినదని అడిగితిమి. అనేక మోటార్లలో ధారకు నీరు థర్మోస్టాటు దాక పోకమునుపే చీలివచ్చునట. “ధార పంపు సంగతే చెబుతాదండి అయ్యగారూ, హెడ్డు సంగతి చెప్పదండి” అని అతడు గిన్నె దించెను.

అతడే మరియొకటి చెప్పెను. వేరొకరి మోటారుకు ధార బొత్తిగా రాక, క్రొత్త పంపు కొనుటకు అప్పు చేయబోయిరట. ఇతడు సన్నని తీగెతో ధార రంధ్రమును పొడువగా పురుగు కట్టిన మట్టిగూడు రాలిపడినది. లోపల నీరు మొదటినుండియు తిరుగుచునేయున్నది.

తిరుగు ప్రయాణమందు మాకు కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. తనయందు ఏ దోషమును తనకు కనబడకపోయినను, అంతమాత్రమున తాను నీతిమంతుడుగా ఎంచబడడని, తీర్పు ప్రభువుదని అతడు చెప్పుచున్నాడు. ధారను నమ్మి హెడ్డును మరువరాదని అతడు ముందే ఎరిగియుండెను. మట్టిగూటి సంగతి యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయములో నున్నది: మన హృదయము మనలను దోషులని చెప్పినను దేవుడు దానికంటె గొప్పవాడు. రాత్రులు నిద్రలేక తమ్మును తామే నిందించుకొను సాధువులు మనలో కొందరున్నారు. వారిని ఈ మాటతోనే ఓదార్చవలెను. తీగె కత్తిరించుకొనినవారిని గూర్చి తిమోతి మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము చూడుడి. అక్కడ వాత పడిన మనస్సాక్షి యున్నది.

అయితే మమ్మును కలతపెట్టుచున్నది మొదటి మోటారే. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన తరువాత మన చుట్టుపట్ల భూముల ధరలు ఎంత పెరిగినవో చెప్పనక్కరలేదు. అన్నదమ్ములు పొలము అమ్ముకొని ఇండ్లు కట్టుకొనిరి. ఆరాధనకు క్రమముగా వచ్చుచున్నారు, దశమభాగము ఇచ్చుచున్నారు. చెల్లెలి భాగము మాటేమని ఎవరైన అడిగినచో, పెండ్లినాడే కట్నము ఇచ్చితిమి, ఆమె విడుదల పత్రముమీద సంతకము చేసినది, మా మనస్సాక్షి నిర్మలముగా నున్నదని చెప్పుదురు. వారు వేషధారులు కారు. వారి ధార నిజముగానే వచ్చుచున్నది. ఊరి ఆచారము ఎంతవరకు పోయునో అంతవరకే వచ్చుచున్నది. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టములో మాత్రము తండ్రి ఆస్తికి కుమారుడనియు కుమార్తె యనియు భేదము లేదు.

సెలోపెహాదు కుమార్తెలు ప్రత్యక్షపు గుడారము ద్వారమున నిలిచి తండ్రి స్వాస్థ్యము అడిగినప్పుడు (సంఖ్యాకాండము 27), తన మనస్సాక్షి నిర్మలముగా నున్నదని మోషే వారిని పంపివేయలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు నోరు తెరువనియెడల ఆ సంగతి అతనికి తోచియుండునో లేదో!

ఆ క్రొత్త ఇండ్ల ప్రతిష్ఠలకు మేమే వెళ్లి ప్రార్థనలు చేసితిమి, భోజనములు చేసితిమి. ఒక్కచోటనైనను చెల్లెలి మాట ఎత్తలేదు, ఎత్తవలెనని తోచనులేదు. వచ్చు నెల సంఘ కమిటీ కూడినప్పుడు దీనిని ముందు పెట్టుదుము. అన్నదమ్ములతో మాటలాడుదమని కొందరు పెద్దలు ఇప్పటికే అనుచున్నారు. మంచిదే. కాని అంతకు ముందు ఆ అక్కచెల్లెండ్ల యిండ్లకు వెళ్లవలసియున్నది. ఆ సంతకము చేసిననాడు వారి మనస్సులో ఏమున్నదో ఇంతవరకు వారిని అడిగినవారెవరును లేరు.