గ్రంథాలయం: దానమా, ఉత్సర్గమా?

ఊళ్లో గ్రంథాలయం వెలిస్తే దానిని విద్యాదానమని మెచ్చుకోవడం తెలుగువారికి అలవాటే గాని, ధర్మశాస్త్రం దానమనే మాటకు చెప్పిన అర్థాన్ని పరిశీలిస్తే ఆ పేరు గ్రంథాలయానికి అంతగా అతకదు. ఒక వస్తువుపై తనకున్న స్వత్వాన్ని, అంటే యాజమాన్యపు హక్కును, వదులుకొని దానిని స్వీకరించే మరొకరికి ఆ హక్కు కలిగించడం శాస్త్రదృష్టిలో దానం. అందులో పుచ్చుకొనేవాడు ఫలానావాడని తెలియాలి, అతని పాత్రతను, అంటే అర్హతను, చూడాలి. చెరువు తవ్వించి ఊరికి విడిచిపెట్టడం ఇందుకు భిన్నం. చేయి చాచి పుచ్చుకొనే ప్రత్యేక వ్యక్తి ఎవరూ లేకుండా సకల ప్రాణుల కోసమని సంకల్పించి విడవడాన్ని ఉత్సర్గమన్నారు. తవ్వించినవాడు కూడా ఆ ప్రాణుల్లో ఒకడే గనుక అందరితోపాటు తానూ ఆ నీరు తాగవచ్చునని శాస్త్రకారులు ఒప్పుకున్నారు.

పౌర గ్రంథాలయం ఈ రెండో కోవకు చెందుతుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సును కట్టినవాడూ, సొంత ఇల్లే లేనివాడూ ఒకే బల్ల దగ్గర ఒకే పత్రిక పేజీలు పంచుకొని చదువుతారు. పుస్తకం వెనక అట్టకు అంటించిన గడువు చీటీ మీద వరుసగా ముద్రపడిన తేదీలు కనిపిస్తాయే గాని, ఆ తేదీల వెనక ఉన్నవారి కులగోత్రాలు కనిపించవు. సప్తసంతానాలుగా, అంటే మనిషి పేరు నిలిపే ఏడింటిగా, పెద్దలు ఎంచినవాటిలో తటాకమూ ఉంది, కృతీ ఉంది. ఆ రెంటినీ కలిపిన గ్రంథాలయానికి ఆ వరుసలో చోటు దొరకకపోవడం గమనించదగినది.

అయితే విద్యను నీటితో సమానంగా చూడవచ్చునా అన్న ప్రశ్న తేలికైనది కాదు. అధికారికి, అంటే దానిని పొందే యోగ్యత ఉన్నవానికి, మాత్రమే విద్య చెప్పాలన్నది సంప్రదాయం. గురువు అండ లేని చదువు పెడదారి పట్టిస్తుందన్న భయంలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని వేదాంతం అధికారికి చెప్పిన లక్షణాలలో ముముక్షుత్వం, అంటే విడుదల కావాలన్న తీవ్రమైన కోరిక, ఒకటి. ఎండలో నడిచి వచ్చి అలమరా ముందు నిలబడి ఒక పుస్తకం కోసం వెతుక్కొనే కూలివాని బిడ్డలో అంతటి కోరిక లేదని తేల్చే హక్కు ఎవరికీ లేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో రెండవది ప్రతి పాఠకునికీ అతని పుస్తకం అందాలంటుంది గాని, పాఠకుణ్ణి ముందు పరీక్షించమనదు.

సంకల్పంలో సకల ప్రాణులకూ విడిచిన నీరు ఆచరణలో కొందరికే దక్కిందన్నది మరవరాని సత్యం. మహారాష్ట్రలోని మహాడ్‌లో చౌదార్ చెరువు నీటిని ముట్టుకోవడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మంది దళితులతో కదలవలసి వచ్చింది. గ్రంథాలయానికీ ఈ ప్రమాదం ఉంది: తాళం వేసిన అద్దాల బీరువా, కూలి పనుల వేళలోనే తెరిచి మూసే తలుపు, కట్టలేని ధరావతు సొమ్ము ఎవరినీ పేరు పెట్టి వెళ్లగొట్టకుండానే చాలామందిని బయట నిలబెడతాయి. చెరువు దగ్గరకు రాలేనివాని పొలానికి కాలువ తవ్వాలన్న ఎరుక ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి ఉన్నందుననే, 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పుస్తకాలతో ఒక పడవ నిజంగానే కాలువ మీద నడిచింది. పుస్తకం చేతికందినా అక్షరం రానివారికి పైకి చదివి వినిపించడం కూడా ఆనాటి కార్యకర్తలు గ్రంథాలయం పనిగానే భావించారు.