దెబ్బ నిజమైతేనే ఆట నిజమా?

రెజ్లింగ్ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే రెండు మాటలు తప్పకుండా వస్తాయి. ఒకటి, ఎప్పుడూ చూడనివాళ్లు అనే మాట: "అదంతా ఫేకు కదా, ఏటి చూస్తార్రా?" రెండోది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లు అనే మాట: "ఆ రోజులే వేరురా. ఇప్పుడేముంది, అంతా డాన్సు." మొదటి మాటకి అభిమానులు వెంటనే కోప్పడతారు. రెండోదానికి మౌనంగా తలూపుతారు. నా దృష్టిలో మొదటిది అమాయకమైన మాట. ఆగి ఆలోచించాల్సింది రెండోదాని గురించే.

ముందు ఫేకు సంగతి చూద్దాం. అబద్ధం అవ్వాలంటే మోసపోయేవాడు ఒకడుండాలి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తూర్పు భాగవతం ఆడతారు. భామాకలాపంలో జడ వేసుకుని వచ్చే సత్యభామ మగవాడని ఊరందరికీ తెలుసు. పగలు అతనితో కలిసి టీ తాగినవాళ్లే రాత్రి ముందు వరసలో కూర్చుంటారు. సత్యభామ అలిగితే వీళ్లకీ అయ్యో అనిపిస్తుంది. మధ్యలో ఎవడైనా లేచి "ఆవిడ ఆడది కాదు" అని అరిస్తే, నిజం కనిపెట్టాడని ఎవరూ మెచ్చుకోరు. ఆట చూడ్డం రానివాడని కూర్చోబెడతారు.

రెజ్లింగ్‌లో ఈ ఒప్పందానికి కేఫేబ్ అని పేరు. రింగులోని పగలూ స్నేహాలూ నిజమే అన్నట్టు బయట కూడా ఉండటం. ఒకప్పుడు దీన్ని వృత్తి రహస్యంలా కాపాడేవారు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యాజమాన్యమే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకుంది. సత్యం మీద ప్రేమతో కాదులెండి, క్రీడల కమిషన్ నియంత్రణనీ పన్నునీ తప్పించుకోవడానికి. రహస్యం బయటపడింది కాబట్టి జనం పోయారా అంటే, పోలేదు. 1990లలో మన ఊళ్లలో పిల్లల జేబులు ట్రంప్ కార్డులతో నిండింది ఆ తర్వాతే. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా దిగినప్పుడు, ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంటుందని తెలియని ప్రేక్షకుడు ఎంతమంది ఉండుంటారు? తెలిసే టికెట్ కొన్నారు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో 'మిథాలజీస్' మొదలుపెట్టిందే రెజ్లింగ్ వ్యాసంతో. ఇది క్రీడ కాదు, ప్రదర్శన అని అతను తేల్చేశాడు. అక్కడి ప్రేక్షకుడికి కావలసింది ఫలితం కాదు, న్యాయం, అవమానం, నొప్పి అనేవి కళ్లకు కనబడటం.

ఇక్కడ మన ప్రాంతపు మనిషినొకర్ని తలుచుకోవాలి. కోడి రామమూర్తి నాయుడు. పుట్టింది వీరఘట్టం. మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం వైపే, 2022లో జిల్లాలు విడదీశాక పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పెరిగింది విజయనగరంలో. అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ పెట్టి దేశాలు తిరిగాడు. 1942లో చనిపోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు, విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం. ఛాతీకి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంచడం, రెండు కార్లను కదలకుండా ఆపడం, ఛాతీ మీద చెక్క పెట్టించుకుని ఏనుగుని నడిపించుకోవడం ఆయన ప్రదర్శనల్లో పేరుమోసినవి. కలియుగ భీముడన్నారు.

మరి ఆయనది నిజమా, షోనా? ఇంజనీరింగ్ చదివినవాడు చెక్క దగ్గర ఆగుతాడు. బరువు ఒక్కచోట పడకుండా చెక్క దాన్ని పరుస్తుంది, ఏనుగు బరువులో కొంత నేల కూడా మోస్తుంది. నిజమే. అయినా ఆ చెక్క కింద పడుకున్నవాడి పక్కటెముకలు మాత్రం పక్కటెముకలే. బలమూ ఉంది, సాధనా ఉంది, ఎలా చూపించాలన్న తెలివీ ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తీసేసినా రామమూర్తి లేడు. అదే జిల్లాలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు లెక్క వేరు. అక్కడ ముగ్గురు రెఫరీలు, తెల్ల లైటో ఎర్ర లైటో. ఆ బలాన్ని లైటు ధ్రువీకరిస్తుంది. రామమూర్తి బలాన్ని ధ్రువీకరించింది జనం ఊపిరి బిగపట్టడమే. రెండూ బలాలే, కొలత వేరు. ఒకదాని కొలతబద్దతో రెండోదాన్ని కొలిచి ఫేకు అనడం న్యాయం కాదు.

ఇంతవరకూ అభిమానులకి ఇబ్బంది లేదు. అసలు చిక్కు "ఆ రోజులే వేరు" దగ్గర మొదలవుతుంది.

ఆ రోజుల్లో వేరుగా ఉన్నదేంటి అని అడిగితే ఎక్కువమంది ముందు చెప్పేది 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్, అండర్‌టేకర్ - మ్యాన్‌కైండ్ మ్యాచ్. దాదాపు 16 అడుగుల పంజరం మీంచి మిక్ ఫోలీ వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు. లేచి మళ్లీ ఎక్కాడు. ఈసారి పంజరం కప్పు ఊడిపోయి రింగులో పడ్డాడు. ఈ రెండో పాటు ముందు అనుకున్నది కాదు. కాసేపు స్పృహ లేదు. పన్ను విరిగింది. ఆ వీడియో చూపిస్తూ మనవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "చూడు, ఇదీ ఫేకేనా?"

ఆ ప్రశ్నలో ఏముందో చూడండి. ఫేకు అన్నవాడి నోరు మూయించడానికి మనం చూపించే సాక్ష్యం, ఒక మనిషి పొరపాటున విరగ్గొట్టుకున్న ఒళ్లు. అంటే ఆట గొప్పదని నిరూపించడానికి ఆట విఫలమైన క్షణాన్నే చూపిస్తున్నాం. సత్యభామ వేషం కట్టినవాడు బాగా ఏడ్చాడని చెప్పడానికి, ఆ రోజు అతని ఇంట్లో ఎవరో నిజంగానే పోయారు తెలుసా అన్నట్టుంటుంది ఇది. అది నటనకి పొగడ్త కాదు.

దీనికి ధర కట్టినవాళ్లున్నారు. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్‌ని కప్పు నుంచి తాడుతో దింపే విన్యాసంలో అతను పట్టు ఊడి కిందపడి చనిపోయాడు. ఆ రాత్రి షో ఆపలేదు. 2007లో క్రిస్ బెన్వా భార్యనీ కొడుకునీ చంపి తానూ చనిపోయాక, అతని మెదడుని పరీక్షించిన వైద్యులు తీవ్రంగా దెబ్బతిన్నట్టు చెప్పారు. ఆ ఘోరానికి అదొక్కటే కారణమని ఎవరూ అనలేరు. కానీ ఏళ్ల తరబడి తల మీద పడ్డ దెబ్బలు ఎక్కడికీ పోలేదని మాత్రం తెలిసింది. 2010లో డబ్ల్యూడబ్ల్యూఈ తల మీద కుర్చీతో కొట్టడాన్ని నిషేధించింది. ఇప్పుడంతా డాన్సు అన్నవాళ్లు లెక్కపెట్టే లోట్లలో ఆ కుర్చీ కూడా ఒకటి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. వాళ్లు ఎవరో బలవంతం చేస్తే దిగినవాళ్లు కాదు. ఒప్పుకుని, డబ్బు తీసుకుని, ప్రమాదం తెలిసే దిగారు. సరుగుడు దూలాల మీద నిలబడి ఆరో అంతస్తుకి సున్నం వేసే కూలీ ప్రమాదం తెలిసే ఎక్కుతాడు. సముద్రం మీదకెళ్లే మత్స్యకారుడూ అంతే. రెజ్లర్ దగ్గరకొచ్చేసరికే మనకి నీతి గుర్తొస్తుందా?

తేడా ఉంది. సున్నం వేసేవాడు పడకపోతే గోడకి ఏ లోటూ లేదు. ప్రమాదం ఆ పనికి అంటుకున్నది, పనిలోంచి పుట్టే సరుకు కాదు. "దెబ్బ తగిల్తేనే నిజం" అనే ప్రేక్షకుడు దెబ్బనే సరుకుగా అడుగుతున్నాడు. పైగా ఒప్పుకోలు గాల్లో పుట్టదు. ఏ పాటుకి స్టేడియం లేచి నిలబడుతుందో రెజ్లర్‌కి వినబడుతుంది. కంపెనీ లెక్కలో అతను ఉద్యోగి కూడా కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. వెనకాల యూనియన్ లేదు. వచ్చే నెల కూడా పోస్టర్ మీద ఉండాలంటే అతని చేతిలో ఉన్నది మన చప్పట్లే. అతను ఒప్పుకున్నాడన్నది నిజం. ఆ ఒప్పుకోలుకి రేటు కట్టింది మనమన్నదీ అంతే నిజం.

ప్రమాదాన్ని చూడ్డమే తప్పని నేననను. విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. పొడవాటి మాను చివర పూజారి కూర్చుని గాల్లో ఊగుతూ వెళ్తుంటే లక్షల మంది మెడలెత్తి చూస్తారు. అందరి గుండెల్లోనూ కాస్త భయం ఉంటుంది, ఆ భయం ఉత్సవంలో భాగమే. కానీ ఆ జనంలో ప్రతివాడూ కోరుకునేది మాను క్షేమంగా గుడి చేరాలనే. పూజారి జారితే ఉత్సవం బాగా జరిగిందని ఎవరూ అనరు. భయపడుతూ చూడ్డానికీ, జరగాలని చూడ్డానికీ మధ్య గీత అక్కడ చాలా స్పష్టంగా ఉంది. రెజ్లింగ్ అభిమానంలో ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది.

కాబట్టి పాత, కొత్త పంచాయితీకి నేను వాడే కొలత ఒకటుంది. ఏ మ్యాచ్‌నైనా గొప్పదన్నప్పుడు, ఇదే మ్యాచ్ రేపు మళ్లీ ఒక్క గాయం లేకుండా ఆడితే ఇంతే గొప్పగా ఉంటుందా అని అడగాలి. 1987 మార్చిలో రెజిల్‌మేనియా మూడులో రాండీ సావేజ్, రికీ స్టీంబోట్ ఆడిన మ్యాచ్ ఈ పరీక్షలో నిలుస్తుంది. సావేజ్ ప్రతి కదలికనీ ముందే రాసుకుని, ఇద్దరూ బట్టీపట్టి ఆడారు. చూస్తుంటే మాత్రం ఒకడి మెడ మీద ఇంకొకడి పగ అప్పుడే పుట్టినట్టుంటుంది. పిట్స్‌బర్గ్ మ్యాచ్‌లో కూడా ఈ పరీక్షకి నిలిచేది ఉంది: ఫోలీకి కథ చెప్పడం వచ్చు, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో తెలుసు. మనం మాత్రం ఆ పాటునే కత్తిరించి పంచుకుంటాం.

ఈ కొలతతో చూస్తే పాత రోజుల్లో కొన్ని గొప్పవి మిగులుతాయి, కొన్ని రాలిపోతాయి. ఇప్పటి డాన్సులో కూడా కొన్ని గొప్పవి తేలతాయి. ఎదుటివాణ్ని గాల్లోకి ఎత్తి, చంపేస్తున్నాడనిపించేలా కిందికి విసిరి, అతని మెడకి ఏమీ కాకుండా నేలకి చేర్చడం చాలా కష్టమైన విద్య. ఆ విద్యలో ఒకడి ప్రాణం ఇంకొకడి చేతుల్లో ఉంటుంది, అతన్ని కొడుతున్నట్టు కనిపించేవాడి చేతుల్లోనే. ఇంతకన్నా నిజమైనది ఏం కావాలో, ఫేకు అనేవాళ్లూ ఆ రోజులే వేరనేవాళ్లూ ఇద్దరూ చెప్పాలి.